పెద్ద రోడ్డుకు అర కిలోమీటరు పైన: బర్గండీ ద్రాక్షతోటల్లో సైకిల్ దారులు

నమస్కారం అండి. వెనక వరసల్లో వినపడుతోంది కదా? సరే, మొదలుపెడతాను. ఫ్రాన్సులోని బర్గండీలో సైకిల్ తొక్కి వచ్చాక నన్ను ఎక్కువమంది అడిగింది ఒకటే: ఆ దారులు నీకెలా దొరికాయి? ఎన్ని కిలోమీటర్లు తొక్కావని ఎవరూ అడగలేదు, ఏ సైకిలని కూడా అడగలేదు. ఫోటోల్లో ఒక్క కారు కూడా లేదు, అంత ఖాళీ రోడ్డు ఎక్కడుంది అని అడిగారు. చెప్తాను. కానీ ముందు నేను తప్పు దారిలో తొక్కిన రోజు గురించి చెప్పాలి, ఎందుకంటే నాకు అసలు విషయం అర్థమైంది ఆ రోజే.

ఫ్రాన్సులో డిజోన్ నుంచి దక్షిణంగా బోన్ మీదుగా షాన్యీ దాకా డి974 అని ఒక రోడ్డు ఉంది. ఒకప్పుడు జాతీయ రహదారి, నంబరు 74. మొదటిసారి వెళ్లినప్పుడు ఫోన్ చూపించిన దారి అదే. దగ్గర దారి, తిన్నగా ఉంది, ఎక్కేశాను. సాయంత్రం వేళ, పనుల నుంచి ఇళ్లకు వెళ్లే కార్లు, మధ్యమధ్యలో లారీలు. లారీ పక్కనుంచి వెళ్లినప్పుడు ముందు గాలి మనల్ని బయటికి తోస్తుంది, ఆ వెంటనే లోపలికి లాగుతుంది, తొక్కేవాళ్లకు తెలుసు కదా ఆ లాగుడు? హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, భుజాలు బిగబట్టి, పక్కకు చూసే ధైర్యం లేక అలాగే తొక్కుతున్నాను. ఒక చోట సిగ్నల్ దగ్గర ఆగి కుడివైపు తల తిప్పాను. కొండవాలు మీద, ద్రాక్ష తీగల మధ్యలో, ఒక పెద్దాయన సైకిల్ మీద మెల్లగా పోతున్నాడు. వెనక క్యారియర్ మీద బుట్ట. ఆయనా నేనూ ఒకే వైపు వెళ్తున్నాం. మా ఇద్దరి మధ్య దూరం అర కిలోమీటరు కూడా లేదు.

అర కిలోమీటరు. ఇది గుర్తుపెట్టుకోండి. ప్రశాంతమైన దారి ఎక్కడో మారుమూల ఉంటుందనుకుంటాం. ఉండదు. చాలాసార్లు పెద్ద రోడ్డు పక్కనే ఉంటుంది, మనకు కనపడదు అంతే. మరి కనపడాలంటే ఏం చెయ్యాలి? ఆ దారి ఎవరి కోసం వేశారు అని అడగాలి. ఈ రోజు నేను చెప్పేదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

కొంచెం ఆ నేల ఎలా ఉంటుందో చెప్తాను. మీ అరచెయ్యి ఇలా ఏటవాలుగా పట్టుకోండి. పట్టుకున్నారా? వేళ్ల కొసలు పైన, మణికట్టు కింద. వేళ్ల కొసల దగ్గర అడవి. అక్కడ మట్టి పొర పల్చన, రాయి ఎక్కువ, తోట వెయ్యరు. అరచేతి మధ్యలో గొప్ప ద్రాక్షతోటలు, గ్రాన్ క్రూ అంటారు, అన్నిటికన్నా పై తరగతి తోటలని అర్థం. ఆ వాలు తూర్పుకు తిరిగి ఉంటుంది, పొద్దుటి ఎండ నేరుగా తగులుతుంది, సున్నపురాయి నేల కాబట్టి నీరు నిలవదు. దానికి కొంచెం కింద ఊళ్లు, వరసగా, పూసల్లాగా. ఇంకా కింద, మణికట్టు దగ్గర, నేల చదునయ్యే చోట డి974. దాని అవతల కూడా తోటలున్నాయి కానీ అవి మామూలు రకం వైను తోటలు. డిజోన్ నుంచి సాంతనే దాకా సుమారు 60 కిలోమీటర్లు దాదాపుగా ఇదే వరస. అడవి, మంచి తోట, ఊరు, పెద్ద రోడ్డు.

అంటే ఏమైంది? పెద్ద రోడ్డు ఎప్పుడూ కిందే. ఎక్కడైనా దారి తప్పితే, చప్పుడెక్కువైతే, కొండవైపు తిరిగి ఒక మెట్టు పైకి ఎక్కితే చాలు. నేను రెండోసారి వెళ్లినప్పుడు ఫోన్ జేబులోంచి తీయకుండా రెండు రోజులు తొక్కాను. అడవి కుడివైపు ఉంటే దక్షిణానికి వెళ్తున్నట్టు, ఎడమవైపు ఉంటే ఉత్తరానికి. అంతకుమించి ఏమీ అవసరం రాలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ వాలు మీద అన్ని చిన్న దారులు ఎందుకున్నాయి? మనలాంటి వాళ్ల కోసం వేశారా? కాదు. ఇక్కడ కొంచెం ఆగుతాను, నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. క్లో ద వూజో అని ఒక తోట ఉంది, 50 హెక్టార్లు, చుట్టూ రాతి గోడ. సిస్టర్షియన్ అనే క్రైస్తవ సన్యాసులు 12వ శతాబ్దం నుంచి కొంచెం కొంచెంగా కూడబెట్టిన నేల. ఫ్రెంచి విప్లవం సమయంలో చర్చి భూములన్నీ స్వాధీనం చేసుకుని అమ్మేశారు. ఆ తర్వాత 1804లో నెపోలియన్ కాలపు పౌర చట్టం వచ్చింది, తండ్రి ఆస్తి పిల్లలందరికీ సమానంగా పంచాలన్నారు. ఇక చూడండి, తరం తర్వాత తరం తోటలు ముక్కలవుతూ వచ్చాయి. క్లో ద వూజో మాత్రం 1889 దాకా ఒకే చేతిలో ఉంది, అప్పుడు ముక్కలైంది, ఇప్పుడు ఆ ఒక్క గోడ లోపల దాదాపు 80 మంది యజమానులు. కొందరివి నాలుగైదు వరసల తీగలు, అంతే.

మరి నాలుగు వరసలున్న మనిషి తన నాలుగు వరసల దగ్గరికి ఎలా వెళ్లాలి? దారి కావాలి కదా. ఒక్కొక్కరికీ కావాలి. అలా వాటాలు పెరిగినకొద్దీ దారులు కావలసొచ్చాయి. ఒక ట్రాక్టరు పట్టేంత వెడల్పు, కొన్ని సిమెంటు, కొన్ని తారు, కొన్ని ఉత్త తెల్ల కంకర. ఈ దారులు ఊరి నుంచి తోటకు వెళ్తాయి, తోట నుంచి ఊరికి వస్తాయి. దూరాలు పోయే కారుకు వాటితో పనే లేదు. అందుకే అక్కడ చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం వెనక దాయాదుల పంపకాలున్నాయి అని తెలిశాక నాకు ఆ దారి ఇంకా దగ్గరైంది.

అక్కడ ఒక్కో తోట ముక్కకూ పేరుంది, క్లిమా అంటారు. అలాంటివి 1,247 ఉన్నాయి, 2015లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గోడ రాళ్ల మీద ఆ పేర్లు చెక్కి ఉంటాయి, సైకిల్ వేగంలోనే అవి చదవగలం. కొన్ని ఊరి పేర్లు కూడా చూడండి, జెవ్రే-షాంబెర్తాన్, పులినీ-మొంరాషే, రెండూ జంట పేర్లు. అసలు ఊరు జెవ్రే. షాంబెర్తాన్ అనేది దాని గొప్ప తోట. 1847లో ఊరు తన పేరుకు తోట పేరు తగిలించుకుంది. 1879లో పులినీ కూడా అదే చేసింది. ఊరు తోట పేరు పెట్టుకోవడం, చూడండి ఎంత ప్రేమో.

బోన్ నుంచి సాంతనే

ఇక దారిలోకి వద్దాం. ఒక్క రోజే ఉంటే ఏది తొక్కాలి అంటే నేను సందేహం లేకుండా చెప్తాను, బోన్ నుంచి సాంతనే. వ్వా దె వీన్య్ అంటారు, తోటల దారి అని అర్థం. 20 కిలోమీటర్లు దాటి కొంచెం ఉంటుంది, చిన్న చిన్న ఎత్తుపల్లాలు. సైకిల్ బొమ్మతో బోర్డులుంటాయి. కానీ ఒక మాట, ఇది సైకిళ్ల కోసం విడిగా కట్టిన ట్రాక్ కాదు. ఎక్కువ భాగం రైతులు రోజూ వాడే తోట దారే, దాని మీద మనల్ని పోనిస్తున్నారు. ఈ తేడా ముఖ్యం, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

బోన్ దాటగానే పొమార్, తర్వాత వోల్నే, తర్వాత మెర్సో. ఒక ఊరు దాటితే ఇంకో ఊరి చర్చి శిఖరం కనపడుతుంది, దాన్ని చూసుకుంటూ పోవడమే. పొమార్ దాటాక ఎడమా కుడీ నడుము ఎత్తు రాతి గోడలు, మధ్యలో దారి. నేను వెళ్లింది మార్చి నెల ఉదయం, తీగలకు ఇంకా ఆకు లేదు. ఒక ఆవిడ కత్తిరింపులు చేస్తోంది. ఇనుప డ్రమ్మును నిలువునా కోసి, కింద చక్రం పెట్టి తోపుడు బండిలా చేశారు, కత్తిరించిన పుల్లలు అందులోనే వేసి కాలుస్తూ వరస వెంట నెట్టుకుపోతోంది. ఆ చలిలో చేతులు కాచుకోవడానికీ అదే. కత్తెర టక్కుమన్న చప్పుడు, పుల్లలు చిటపటమన్న చప్పుడు, నా చెయిన్ చప్పుడు. ఇంకేమీ లేదు. ఆ పొగ వాసన సాయంత్రం దాకా నా జాకెట్‌కు అంటుకునే ఉంది.

తీగలు అక్కడ చాలా పొట్టిగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. వరసకూ వరసకూ మధ్య మీటరు, చెట్టుకూ చెట్టుకూ మధ్య మీటరు, హెక్టారుకు సుమారు 10,000 మొక్కలు. మామూలు ట్రాక్టరు వాటి మధ్య పట్టదు. అందుకని పొడుగు కాళ్ల ట్రాక్టరు వాడతారు, తీగ వరస దాని కాళ్ల మధ్యలోంచి పోతుంది, డ్రైవరు పైన ఎక్కడో కూర్చుంటాడు. మలుపు తిరగగానే అది ఎదురైతే మొదటిసారి గుండె ఆగినంత పనవుతుంది. అప్పుడేం చెయ్యాలి? దిగిపోవాలి. గోడ పక్కకు జరిగి, సైకిల్ ఆనించి, దానికి దారి ఇవ్వాలి. దాని పక్కనుంచి దూరి పోదామని చూడొద్దు, పైనున్న మనిషికి కిందున్న మనం సరిగా కనపడం కూడా. ఆయన పనిలో ఉన్నాడు, మనం తిరగడానికి వచ్చాం. చెయ్యి ఊపితే వాళ్లూ ఊపుతారు, ప్రతిసారీ ఊపారు.

ఇంకోటి, బురద. ఇది నేను పడి నేర్చుకున్నది. రాత్రి వాన పడితే వాలు మీద నుంచి తెల్లటి సున్నపు మట్టి దారి మీదికి దిగుతుంది. ట్రాక్టరు టైర్ల నుంచి రాలిన మట్టి కూడా కలుస్తుంది. పైకి ఎండినట్టే ఉంటుంది, కింద సబ్బులా ఉంటుంది. మెర్సో దగ్గర దిగుడులో, మలుపు మధ్యలో ముందు బ్రేకు పట్టాను, అంతే, ఎప్పుడు పడ్డానో కూడా తెలీదు, మోచెయ్యి గీరుకుపోయింది. కాబట్టి తెల్ల మరక కనపడితే ముందే వేగం తగ్గించుకోండి, మలుపులోకి వెళ్లాక బ్రేకు ముట్టుకోకండి. టైరు 28 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉంటే మంచిది, 32 అయితే కంకర దారుల్లోకి కూడా ధైర్యంగా పోవచ్చు.

పులినీ, షసాన్య్ దాటి సాంతనేలో తోటలు వదిలేసి కాలువ గట్టుకు చేరతాం. కెనాల్ దు సాంత్ర్ అంటారు, గట్టు చదును, చెట్ల నీడ. అక్కడి నుంచి షాన్యీ వెళ్లి రైలెక్కి బోన్‌కు తిరిగి రావచ్చు, ప్రాంతీయ రైళ్లలో సైకిల్ ఎక్కించుకోవచ్చు. మీ సత్తువ మిగిలి ఉంటే కాలువ వెంట షలోన్ వైపు పొండి, అది అట్లాంటిక్ నుంచి నల్ల సముద్రం దాకా పోయే యూరోవెలో 6 అనే సైకిల్ దారిలో భాగం. ఇంకా దక్షిణంగా జివ్రీ నుంచి క్లూనీ దాకా 44 కిలోమీటర్లు పాత రైలు కట్ట మీద వేసిన దారి ఉంది, 1997లో తెరిచారు, ఫ్రాన్సులో ఆ రకం దారుల్లో మొదటిది. కుటుంబంతో, పిల్లలతో వెళ్తే అది మంచిది. నాకైతే తోట దారే ఇష్టం, రైలు కట్ట మరీ తిన్నగా ఉంటుంది.

కొండ వెనక్కి

ఎక్కడం ఇష్టమున్నవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. అయితే మీకోసం ఇది. మెర్సో నుంచి పడమరకు తిరిగి ఓక్సే-ద్యురెస్, అక్కడి నుంచి సాన్-రొమాన్. లోయలోంచి మొదలై, తలెత్తితే తెల్లటి రాతి గోడల్లాంటి కొండ, దాని కింద ఊరు. ఇంకా పైకి ఓర్ష్ అనే చిన్న పల్లె, అక్కడ ఆగి వెనక్కి చూడాలి, మీరు పొద్దున తొక్కిన వాలంతా కింద పరిచి ఉంటుంది. దిగితే లా రోష్‌పో, రంగు రంగుల పెంకుల కోట కనపడుతుంది, ఇంకొంచెం పోతే నొలే, అక్కడ 14వ శతాబ్దపు చెక్క స్తంభాల సంత పందిరి, దాని కింద నీడలో కూర్చుని రొట్టె తినొచ్చు. టూరిస్టు బస్సులు గొప్ప తోటల దగ్గరే తిరిగిపోతాయి కాబట్టి ఇటువైపు ఇంకా ఖాళీ.

మ్యాపు గురించి అడిగారు ఇందాక ఒకరు. నేను కాగితం మ్యాపు తీసుకెళ్తాను. మిష్లాన్ అనే కంపెనీ వేసే మ్యాపులో పెద్ద రోడ్లు ఎరుపు, వాటి తర్వాతవి పసుపు, చిన్నవి తెలుపు. మనకు కావాల్సింది తెలుపు. తెల్ల గీత పక్కన ఆకుపచ్చ అంచు ఉంటే చూడదగ్గ దారి అని అర్థం. గీత మీద చిన్న బాణాలుంటే ఎత్తు, ఒక బాణం 5 నుంచి 9 శాతం, రెండు 9 నుంచి 13, మూడు అంతకన్నా ఎక్కువ. బాణం చూపించే వైపే ఎక్కుడు. రెండు పెద్ద ఊళ్లను తిన్నగా కలిపే తెల్ల గీతను మాత్రం నేను నమ్మను, అది స్థానికులకు తెలిసిన అడ్డదారి అయ్యుంటుంది, పొద్దునా సాయంత్రం కార్లుంటాయి. వంకరటింకరగా ఉండి, ఊరూరా ఆగుతూ పోయే గీత, దాన్ని ఎంచుకోండి. తొందరలో ఉన్నవాడు ఎవడూ ఆ దారిన రాడు.

ఊళ్లలో ఏం గుర్తుపెట్టుకోవాలి? ఒకటి, కుడివైపు సందులోంచి వచ్చే బండికి మనం ఆగాలి. బోర్డు ఏమీ లేకపోతే అదే నియమం, పాత ఊళ్లలో చాలా చోట్ల బోర్డు ఉండదు. ఆ సందు ఎంత ఇరుకైనా సరే. రెండు, ఇయర్‌ఫోన్లు వద్దు, సైకిల్ మీద కూడా నిషేధం, 135 యూరోల జరిమానా. అయినా ఆ నిశ్శబ్దం కోసమే కదా వెళ్లింది. మూడు, మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా చాలా కొట్లు మూసేస్తారు, తినేది ముందే కొనుక్కోండి. నీళ్లు అయిపోతే? శ్మశానం వెతకండి. అవునండి, శ్మశానమే. సమాధుల మీది పూలకు పొయ్యడానికి అక్కడ కుళాయి ఉంటుంది. తాగకూడని నీళ్లయితే సాధారణంగా బోర్డు పెడతారు, అది చూసుకుని పట్టుకోండి. నేను వెళ్లిన ప్రతిసారీ అక్కడే సీసా నింపుకున్నాను, ఆ రాతి గోడ నీడలో కాసేపు నిశ్శబ్దంగా కూర్చుని లేచాను.

కార్ల సంగతి కూడా చెప్తాను, భయపడేవాళ్లు ఉంటారు. అక్కడ చట్టం ప్రకారం సైకిల్‌ను దాటే కారు ఊళ్లో కనీసం మీటరు, ఊరి బయట మీటరున్నర దూరం వదలాలి. చాలామంది వదులుతారు. ఇద్దరు పక్కపక్కన తొక్కవచ్చు, కానీ వెనక బండి దాటాలనుకుంటే ఒకరి వెనక ఒకరు రావాలి. చీకటి పడితే ఊరి బయట మెరిసే జాకెట్ తప్పనిసరి.

ఇక ఎప్పుడు వెళ్లాలి? అందరూ సెప్టెంబరు అంటారు, ద్రాక్ష కోతలు చూడాలని. నేను వద్దంటాను. కోతల రోజుల్లో ఆ దారి పూర్తిగా వాళ్లది. వ్యాన్లు, ట్రాలీలు, గంపలు మోసేవాళ్లు, టైముకు పండు చేరాలన్న టెన్షన్. ఏడాది కష్టం ఆ కొన్ని రోజుల్లో తేలాలి, అప్పుడు మనం అడ్డం వెళ్లడం నాకు మనసొప్పదు. తప్పక అప్పుడే వెళ్లాలంటే ఆదివారం మధ్యాహ్నమో, కాలువ గట్టునో తొక్కండి. మే, జూన్ బాగుంటాయి, కానీ తీగలకు తెగుళ్ల మందు కొట్టే రోజులు చూసుకోవాలి, బోర్డో మిశ్రమం అనే ఆ మందు నీలం రంగు ఆకుల మీద కనపడుతుంది, పొడుగు కాళ్ల ట్రాక్టరు రెక్కలు చాపుకుని వస్తుంటే గాలి ఎటుందో చూసుకుని పక్క దారి పట్టండి. అక్టోబరు చివర ఆకు పసుపు తిరుగుతుంది, పని కొంచెం తెరిపిన పడుతుంది, నా ఓటు దానికే. ఏప్రిల్లో వెళ్తే రాత్రి మంచు భయం ఎంతుంటుందో మీకే తెలుస్తుంది. 2021 ఏప్రిల్లో చిగుళ్లు మాడిపోకుండా తోటల్లో వరసల వెంట మంటలు పెట్టుకుని రాత్రంతా కాపలా కాశారు, అయినా చాలా పోయింది.

వైను రుచి చూడకుండా ఎలా అంటారా? చూడండి, కానీ సైకిల్ తొక్కేవాళ్లకూ రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల పరిమితే, కారు నడిపేవాళ్లకు ఉన్నదే. రుచి చూసే చోట ఉమ్మడానికి పాత్ర పెడతారు, వాడితే ఎవరూ తప్పుగా అనుకోరు. నేనైతే తొక్కుడంతా అయ్యాక, సైకిల్ గదిలో పెట్టాకే.

ఇలాంటి దారులు వేరే చోట్ల, వేరే దేశాల్లో కూడా ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయి. ఫ్రాన్సులోనే అల్సాస్ ఉంది, మార్లెన్‌హైమ్ నుంచి తాన్ దాకా కొండ అంచున తోటల ఊళ్లు, కానీ వేసవిలో రిక్‌విర్ లాంటి ఊళ్లు జనంతో కిక్కిరిసిపోతాయి, పొద్దున్నే దాటెయ్యాలి. జర్మనీలో 1935లో మొదలైన 85 కిలోమీటర్ల వైను దారి ఉంది. ఏటా ఆగస్టు చివరి ఆదివారం ఆ రోడ్డు మీదికి కార్లు రానివ్వరు, నడిచేవాళ్లకూ సైకిళ్లకూ వదిలేస్తారు. పెద్ద రోడ్డు ఒక్క రోజైనా అలా ఉండటం నేను ఇంకా చూడలేదు, వచ్చే ఏడాది వెళ్లాలి.

బర్గండీ మ్యాపు తెచ్చాను, ఈ బల్ల మీద పరుస్తున్నాను. నేను తొక్కిన దారులు పెన్సిల్‌తో గీసి ఉన్నాయి, నేను పడిన మలుపు దగ్గర గుండ్రంగా చుట్టాను. దగ్గరికి రండి, ముందు డి974 ఎక్కడుందో వెతకండి, తర్వాత దానికి ఎడమవైపు వేలు జరపండి.